కుర్చీకి గడువు ఉండాలా?

ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలైన రెండో వారం. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివే పదకొండు మంది తెలుగు పిల్లలు లైబ్రరీలో ఒక మూల బల్ల చుట్టూ కూర్చుంటారు. అదే మా తెలుగు పీరియడు. ఆ రోజు సంధులు చెబుదామని వెళ్లాను. సంధులు జరగలేదు. ఎనిమిదో తరగతి పిల్లలిద్దరు గుమ్మంలోంచే పోట్లాడుకుంటూ వచ్చారు.

విషయం ఏమిటంటే, వాళ్ల తరగతికి ఆ ఉదయమే మోనిటర్‌ని ఎన్నుకున్నారు. ఆరులోనూ ఏడులోనూ మోనిటర్‌గా ఉన్న అమ్మాయే మళ్లీ గెలిచింది. ఓడిపోయిన అబ్బాయి నా దగ్గర న్యాయం అడిగాడు.

"మ్యామ్, అమెరికాలో ప్రెసిడెంటే రెండుసార్లకి మించి ఉండకూడదట. మా క్లాసులో మూడోసారా?"

ఆ అమ్మాయి ఏమీ తడుముకోలేదు. "అందరూ చేతులెత్తితేనే కదా నేను గెలిచింది? నేను వద్దనుకుంటే ఎత్తకుండా ఉండాల్సింది."

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే, పిల్లలూ, ఈ విషయం మీద రెండు వందల ఏళ్లుగా పెద్ద పెద్ద దేశాల్లో పెద్దవాళ్లు చేస్తున్న వాదన అంతా ఆ రెండు వాక్యాల్లోనే ఉంది. ఒకే మనిషి ఎక్కువకాలం ఉండకూడదని ఒకరు. ఎవరుండాలో జనమే తేల్చాలి, మధ్యలో నిబంధన ఎందుకని మరొకరు. ఇద్దరిలో ఎవరిది ఒప్పో ఆ రోజు నేను చెప్పలేదు. అప్పటినుంచి ఆలోచించిందే ఈ పాఠం.

ముందు మాటలు తెలుసుకుందాం. ఒక పదవిలో ఉండే కాలం పదవీకాలం. ఆ కాలం ముగిసే హద్దు గడువు. గడపడం, గడిచిపోవడం, గడువు, ఇవన్నీ ఒకే కుటుంబం మాటలు. ఒక పదవీకాలాన్ని ఒక విడత అంటాం. 'రెండు విడతలకు మించి వద్దు' అని చట్టంలో రాస్తే అది పదవీకాల పరిమితి. పదవి వదలని వాడిని మన ఊళ్లలో 'కుర్చీకి అతుక్కుపోయాడు' అంటారు. ఆ మాటలో ఎంత విసుగు ఉందో చూడండి.

కుర్చీ పోతుందనే భయం ఎంత గట్టిదో తెలియాలంటే మన నోయిడా కథే చాలు. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి ఎవరైనా నోయిడాకి వస్తే పదవి పోతుందని ఒక నమ్మకం ఉండేది. 1988లో వీర్ బహదూర్ సింగ్ ఇక్కడికి వచ్చి వెళ్లిన కొద్దికాలానికే ఆయన పదవి పోయింది. కథ అక్కడ మొదలైంది. 2011లో మాయావతి వచ్చారు, 2012 ఎన్నికల్లో ఓడిపోయారు. తరువాత వచ్చిన అఖిలేశ్ యాదవ్ ముఖ్యమంత్రిగా ఉన్న ఐదేళ్లూ ఈ ఊళ్లో అడుగు పెట్టలేదు. గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రా వెళ్లే యమునా ఎక్స్‌ప్రెస్‌వేని 2012లో లక్నోలో కూర్చునే ప్రారంభించారు. 2017 డిసెంబరులో యోగి ఆదిత్యనాథ్ వచ్చారు, 2022లో మళ్లీ గెలిచారు. దాంతో ఆ నమ్మకం వీగిపోయింది. ఈ ఊరి గాలికి కుర్చీలు ఊడవు. కానీ కుర్చీ మీద ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి ఒక ఊరికి రావడానికే జంకారంటే, 'దిగిపోవడం' అనేది మనిషికి ఎంత కష్టమో అర్థమవుతుంది.

ఇంకో సంగతి. నోయిడాకి మేయరు లేరు, కార్పొరేటర్లు లేరు. 1976లో ఏర్పడిన నోయిడా అథారిటీయే ఊరి పనులన్నీ చూస్తుంది. దాన్ని నడిపేది ప్రభుత్వం పంపిన అధికారి. ఆయన మీ నాన్నగారిలాగే, నాలాగే బదిలీ మీద వస్తారు, బదిలీ మీద వెళ్తారు. అంటే ఇక్కడ కుర్చీలో ఎవరూ శాశ్వతం కాదు. అయినా దాన్ని ఎవరూ ప్రజాస్వామ్యం అనరు, ఎందుకంటే ఆయన్ని పెట్టిందీ మనం కాదు, తీసేదీ మనం కాదు. మనుషులు మారుతూ ఉండటమే ప్రజాస్వామ్యం అయిపోదని దీన్నిబట్టి గుర్తు పెట్టుకోండి. ఈ మాట మళ్లీ అవసరం అవుతుంది.

ఇప్పుడు యమున దాటి అవతలికి వెళ్దాం. సెక్టార్ 18లో నీలం లైను మెట్రో ఎక్కి, రాజీవ్ చౌక్‌లో పసుపు లైనుకి మారి, సెంట్రల్ సెక్రటేరియట్‌లో దిగితే రాష్ట్రపతి భవన్ దగ్గరే. పోయిన ఏడాది మనవాళ్లు అక్కడి మ్యూజియం చూడటానికి వెళ్లారు. గోడమీద రాష్ట్రపతుల బొమ్మలు వరసగా చూసి ఒక అబ్బాయి అడిగాడు, "ఇందులో రెండుసార్లు ఉన్నవాళ్లు ఎవరు?" ఒక్కరే. రాజేంద్రప్రసాద్. 1950 జనవరి 26న రాష్ట్రపతి అయ్యారు. 1952లో ఒకసారి, 1957లో ఇంకోసారి ఎన్నికై 1962 మే వరకు ఉన్నారు. ఆయన తరువాత రెండోసారి ఎన్నికైన రాష్ట్రపతి ఇంతవరకు లేరు.

మరి రెండోసారి ఉండకూడదని మన రాజ్యాంగంలో ఉందా? లేదు. 56వ అధికరణం పదవీకాలం ఐదేళ్లు అంటుంది. 57వ అధికరణం, రాష్ట్రపతిగా ఉన్నవారు, గతంలో ఉన్నవారు మళ్లీ ఎన్నిక కావచ్చు అంటుంది. ఎన్నిసార్లో చెప్పదు. ఇక్కడ ఒక తమాషా ఉంది. 1948లో తయారైన రాజ్యాంగ ముసాయిదాలో ఇదే నిబంధన 46వ అధికరణంగా ఉండేది. ముసాయిదా అంటే చిత్తుప్రతి. అందులో 'మరొక్కసారి, అదీ ఒక్కసారి మాత్రమే' అని స్పష్టంగా రాశారు. ఐర్లండ్ రాజ్యాంగంలో వాళ్ల అధ్యక్షుడికి అచ్చం అలాంటి నిబంధనే ఉంది. చివరి ప్రతికి వచ్చేసరికి ఆ 'ఒక్కసారి' మన దగ్గర తొలగిపోయింది. రాతలో తీసేసిన పరిమితిని తరువాతి రాష్ట్రపతులు అలవాటుగా పాటిస్తూ వచ్చారన్నమాట. చట్టం చెప్పని పనిని పదిమంది వరసగా చేస్తే దాన్ని సంప్రదాయం అంటాం.

ఈ సంప్రదాయంలో మన తెలుగువాళ్లకి పెద్ద వాటాయే ఉంది. తిరుత్తణి దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ పదేళ్లు ఉపరాష్ట్రపతిగా ఉండి, 1962 నుంచి 1967 వరకు ఒక్క విడత రాష్ట్రపతిగా ఉన్నారు. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి 1969 నుంచి 1974 వరకు. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1977 నుంచి 1982 వరకు. ముగ్గురూ ఒక్కొక్క విడతే.

వీళ్లలో సంజీవరెడ్డి కథ కొంచెం ఆగి చెప్పాలి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు మొదటి ముఖ్యమంత్రి ఆయనే. 1960లో ఆ పదవి వదిలి కాంగ్రెస్ పార్టీ అధ్యక్షుడయ్యారు. 1962లో తిరిగి ముఖ్యమంత్రి. 1964లో కర్నూలు బస్సు రూట్ల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని తప్పుపట్టే మాటలు రాస్తే రాజీనామా చేశారు. 1967లో లోక్‌సభ స్పీకరయ్యారు. స్పీకరు ఏ పార్టీకీ చెందకూడదని తన పార్టీ సభ్యత్వం వదులుకున్నారు. 1969లో రాష్ట్రపతి పదవికి కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడి, స్వతంత్రంగా నిలబడిన గిరి చేతిలో ఓడిపోయారు. తెలుగువాళ్లిద్దరి మధ్య పోటీ, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితే గానీ తేలలేదు. 1977లో ఎదురు లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం, ఓడటం, ఇవన్నీ ఆయన చూశారు.

1977 జూలై 25న ఆయన ప్రమాణం చేశారు. ఐదేళ్లు పూర్తిచేసి 1982 జూలై 25న దిగారు. అదే రోజు జైల్‌సింగ్ ఎక్కారు. అప్పటినుంచి ఒక్కసారి కూడా ఆ తేదీ మారలేదు. 1987, 1992, 1997, అలా 2022లో ద్రౌపదీ ముర్ము దాకా పదిమంది రాష్ట్రపతులూ జూలై 25నే ప్రమాణం చేశారు. అంతకుముందు అలా కుదరలేదు. జాకిర్ హుస్సేన్ 1969 మేలో, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ 1977 ఫిబ్రవరిలో పదవిలో ఉండగానే కన్నుమూశారు, అందుకే తేదీలు జరిగాయి. ఇప్పుడు ఈ పదవికి వచ్చేవారికి రాకముందే వెళ్లే రోజు తెలుసు. నాకు ఈ విషయం చాలా నచ్చుతుంది. ఎందుకో తరువాత చెబుతాను.

"మరి ప్రధానమంత్రికి, ముఖ్యమంత్రికి పరిమితి ఎందుకు లేదు మ్యామ్?" ఇది తరువాతి వారం వచ్చిన ప్రశ్న. ఏ పార్టీ మంచిదో, ఎవరు దిగాలో నేను చెప్పను. నేను ప్రభుత్వ ఉద్యోగిని, పైగా మీ టీచర్ని. ఏర్పాటు ఎలా ఉందో మాత్రం చెబుతాను.

అమెరికా అధ్యక్షుడు ఒకసారి గెలిస్తే నాలుగేళ్లు కదలడు. ఆయన్ని మధ్యలో దింపాలంటే చాలా పెద్ద నేరం రుజువు కావాలి. మన ముఖ్యమంత్రి అలా కాదు. ఆయన కాలం ఐదేళ్లని ఎక్కడా రాయలేదు. శాసనసభలో సగానికి మించి సభ్యులు ఆయన వైపు ఉన్నంతకాలం ఉంటారు, లేకపోతే ఆ సాయంత్రమే దిగిపోవచ్చు. 1984 ఆగస్టులో ఎన్.టి. రామారావుని గవర్నరు తొలగించారు. తనకే మెజారిటీ ఉందని ఆయన ఊరూరా తిరిగి, ఎమ్మెల్యేలను నిలబెట్టి చూపించారు. నెల తిరిగేసరికి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1995 ఆగస్టులో సొంత పార్టీ ఎమ్మెల్యేలే ఎక్కువమంది అటు వెళ్లారు, పదవి పోయింది. అదే ఏర్పాటు, రెండు ఫలితాలు. ఇలాంటి చోట పరిమితి రాయకపోయినా లెక్క అడిగేవాళ్లు రోజూ ఎదురుగానే ఉంటారు. అందుకే మన దగ్గర కొందరు చాలా ఏళ్లు ఉండగలిగారు. పక్కనున్న ఒడిశాలో నవీన్ పట్నాయక్ 2000 నుంచి 24 ఏళ్లు ముఖ్యమంత్రి. ఐదుసార్లు జనం గెలిపించారు, 2024లో జనమే ఓడించారు. ఏ నిబంధనా ఆయన్ని దింపలేదు. మోనిటర్ అమ్మాయి వాదనకి ఇంతకన్నా మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

అయితే ఎంత త్వరగా మారితే అంత మంచిదని ఎవరైనా అంటే, వాళ్లకి మన ఆంధ్రప్రదేశ్ చరిత్రలో ఒక ఐదేళ్లు చూపించాలి. 1978 మార్చిలో చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. 1980 అక్టోబరులో ఆయన్ని మార్చి అంజయ్యని పెట్టారు. 1982 ఫిబ్రవరిలో అంజయ్య పోయి భవనం వెంకట్రామ్ వచ్చారు. సెప్టెంబరులో ఆయన పోయి కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చారు. ఒక్క శాసనసభ కాలంలో నలుగురు. వీళ్లలో మొదటి ముగ్గురినీ దింపింది ఓటు వేసిన జనం కాదు. నిర్ణయాలు ఢిల్లీలో అయ్యేవి, కబురు హైదరాబాదుకి చేరేది. 1983 జనవరిలో ఎన్నికలు వచ్చినప్పుడు, తొమ్మిది నెలల కిందట పుట్టిన తెలుగుదేశం 'తెలుగువాళ్ల ఆత్మగౌరవం' అనే మాట పట్టుకుని గెలిచింది. ఆ గెలుపుకి వేరే కారణాలూ ఉన్నాయి. కానీ ఆ మాట అంత గట్టిగా తగలడానికి ఆ మూడు మార్పులూ ఒక కారణం. ఎవరూ కుర్చీకి అతుక్కుపోలేదు కదా, మరి జనానికి ఎందుకు కోపం వచ్చింది?

దీనికి జవాబు మనలాంటి బదిలీ కుటుంబాలకే బాగా తెలుసు.

నాకు రెండు బదిలీలు బాగా గుర్తున్నాయి. ఒక ఊళ్లో, ఏ ఊరో వద్దు, నవంబరు నెలలో పదో తరగతి పాఠాలు సగంలో ఉండగా కాగితం వచ్చింది. వారంలో వెళ్లి చేరాలి. కారణం లేదు. అడిగితే చెప్పేవారూ లేరు. ఆ పిల్లలకి మార్చి దాకా తెలుగు చెప్పడానికి ఎవరూ రాలేదని తరువాత విన్నాను. ఇప్పటికీ ఆ విషయం గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. ఇంకో ఊరు ఈశాన్య రాష్ట్రాల్లో. అక్కడ ఎంతకాలం ఉండాలో చేరే రోజే తెలుసు. మూడో ఏడు రాగానే నేను పాఠాల ప్రణాళికలన్నీ ఒక ఫైల్లో పెట్టడం మొదలుపెట్టాను, ఎవరొస్తారో తెలియకపోయినా. నా పని ఇంకొకరికి అర్థమయ్యేలా రాయడం నేను నేర్చుకున్నది అక్కడే. రెండుచోట్లా నేను కుర్చీ వదిలాను. కానీ ఒకటి గడువు, ఇంకొకటి గెంటివేత.

రాష్ట్రపతి భవన్ జూలై 25 నాకెందుకు నచ్చుతుందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. అది ముందే తెలుసు. అది ఎవరికైనా ఒకటే.

నిజం చెప్పాలంటే తెలిసిన గడువుకీ ఒక లోపం ఉంది. ఆ మూడో ఏడు స్టాఫ్ రూములో నా మాట ఎవరూ పట్టించుకునేవారు కాదు. 'ఎలాగూ పోయే మనిషే కదా' అని. అమెరికాలో రెండో విడత చివరి రెండేళ్లలో అధ్యక్షుడికీ ఇదే గతి పడుతుంది. సొంత పార్టీవాళ్లే కొత్త నాయకుడి వైపు చూస్తుంటారు. మళ్లీ ఓటు అడిగే అవసరం లేదు కాబట్టి జనానికి భయపడాల్సిన పనీ ఉండదు. అది మంచికీ కావచ్చు, చెడుకీ కావచ్చు.

అమెరికాలో ఈ రెండుసార్ల నిబంధన మొదట్నుంచీ లేదు. జార్జి వాషింగ్టన్ రెండు విడతలయ్యాక 1797లో తనంతట తానే ఇంటికి వెళ్లిపోయారు. తరువాతి వాళ్లు దాన్ని ఆచారంగా పాటించారు, మన రాష్ట్రపతుల్లాగే. ఆ ఆచారాన్ని దాటింది ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. ఆర్థికమాంద్యం, ఆపైన ప్రపంచయుద్ధం. జనం ఆయన్నే కావాలన్నారు. 1932, 1936, 1940, 1944, నాలుగుసార్లు గెలిచి 1945 ఏప్రిల్‌లో పదవిలోనే చనిపోయారు. ఆయన చెడ్డ నాయకుడని కాదు. అయినా ఆ దేశం ఇక చాలనుకుంది. 1947లో వాళ్ల కాంగ్రెస్ 22వ సవరణ ఆమోదించింది, 1951లో అది అమల్లోకి వచ్చింది. అందులో ఒక చిన్న వాక్యం ఉంది. ఈ సవరణ ప్రతిపాదించిన నాటికి పదవిలో ఉన్న వ్యక్తికి ఇది వర్తించదని. అప్పుడున్నది హ్యారీ ట్రూమన్. అంటే ఎదురుగా కూర్చున్న మనిషిని గురిపెట్టి ఆ నిబంధన రాయలేదన్నమాట. ఈ వాక్యం దగ్గర మా పిల్లలు చాలాసేపు ఆగారు.

దీనికి సరిగ్గా ఎదురైన కథ శ్రీలంకలో జరిగింది. అక్కడి రాజ్యాంగం అధ్యక్షుడికి రెండు విడతలే అంది. మహింద రాజపక్స రెండోసారి గెలిచాక, 2010 సెప్టెంబరులో 18వ సవరణతో ఆ హద్దు తీసేశారు. ఎవరికి లాభమో వారి ప్రభుత్వమే మార్చింది. ఆయన మూడోసారి నిలబడ్డారు. 2015 జనవరిలో జనం ఓడించారు. అదే ఏడు 19వ సవరణతో హద్దు మళ్లీ పెట్టారు. శ్రీలంక ఓటర్లని మెచ్చుకోవాలి. కానీ ప్రతి దేశంలోనూ అలా జరగలేదు. హద్దు చెరిపినవాళ్లే ఓట్లు లెక్కపెట్టే చోట కూడా తమ మనుషుల్ని పెట్టుకుంటే, ఓడించే దారే మూసుకుపోతుంది.

మెక్సికో కథ ఇంకా విచిత్రం. పోర్ఫిరియో డియాస్ అనే సేనాని 1876లో తిరుగుబాటు చేశాడు. ఆయన నినాదం ఏమిటనుకుంటున్నారు? 'మళ్లీ ఎన్నిక వద్దు!' ఆ నినాదంతో వచ్చినవాడు, మధ్యలో నాలుగేళ్లు తప్ప, 1911 దాకా ఆయనే అధ్యక్షుడు. ఆయన్ని దింపిన విప్లవం కూడా అదే నినాదం పట్టుకుంది. ఇప్పుడు అక్కడ అధ్యక్షుడికి ఒక్కటే విడత, ఆరేళ్లు, జీవితంలో రెండోసారి లేదు. ప్రపంచంలోనే చాలా గట్టి నిబంధనల్లో అదొకటి. అయినా 1929 నుంచి 2000 దాకా ఒకే పార్టీ ఆ దేశాన్ని ఏలింది. ఆరేళ్లకోసారి మనిషి మారేవాడు, కుర్చీ ఇల్లు దాటేది కాదు. నోయిడా అథారిటీ గురించి చెప్పినప్పుడు గుర్తుంచుకోమన్న మాట ఇక్కడికి పనికొస్తుంది.

ఇక పరిమితి వల్ల నష్టం ఎక్కడ కనిపిస్తుందంటే, నాకు మెక్సికో కన్నా మన పల్లెలే ముందు గుర్తొస్తాయి. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ వల్ల పంచాయతీల్లో మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి స్థానాలు కేటాయిస్తున్నారు. ఆ కేటాయింపు ఒక ఊరికే ఉండిపోకుండా ఊరు మార్చి ఊరికి తిరుగుతుంది. ఇది చాలా మంచి ఏర్పాటు, లేకపోతే మన ఊళ్లలో ఎంతోమంది ఆడవాళ్లు సర్పంచి కుర్చీ దరిదాపులకి కూడా వచ్చేవారు కాదు. కానీ ఇందులో ఎవరూ పరిమితి అని పిలవని ఒక పరిమితి దాగి ఉంది. మొదటి రెండేళ్లు ఆమెకి కాగితాలు చదవడం, బిల్లులు పాస్ చేయించడం, ఎంపీడీవో ఆఫీసులో కుర్చీ వేయించుకుని కూర్చోవడం నేర్చుకోవడానికే పోతాయి. పని చేతికొచ్చేసరికి ఐదేళ్లు నిండుతాయి, స్థానం ఇంకో వర్గానికి వెళ్తుంది. జనరల్ స్థానంలో ఆమె నిలబడకూడదని చట్టం అనదు. కానీ 'మీ వంతు అయిపోయిందిగా' అని ఊరు అంటుంది. ఆమె బాగా పని చేసిందా లేదా అని ఓటు ద్వారా చెప్పే అవకాశం ఊరికీ ఉండదు. బలంగా పాతుకుపోయిన నాయకుడిని కదిలించడానికి పనికొచ్చే గడువు, ఇప్పుడిప్పుడే వేరు పట్టుకుంటున్న మొక్కని కూడా పీకేస్తుంది.

అందుకని నా లెక్క ఇలా ఉంది. ఒప్పుకోవాలని లేదు. ఒక్క మనిషి చేతిలో సైన్యం, ఖజానా, నియామకాలు అన్నీ ఉండి, మధ్యలో దింపే దారి లేని చోట రాతపూర్వకమైన హద్దు ఉండటమే మేలు. మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీద నడిచే పదవి, అందుకే సంప్రదాయంతో సరిపోతోంది. సభ విశ్వాసం మీద బతికే ముఖ్యమంత్రికి, ప్రధానికి హద్దు రాయకపోయినా నడుస్తుంది, సభ నిజంగా సభలా పనిచేస్తే. ఆ 'అయితే' చిన్నది కాదు. ఎక్కడ రాసినా మూడు సంగతులు చూడాలి. ఆ తేదీ ముందే తెలుసా? అందరికీ ఒకటేనా? దాన్ని మార్చే చెయ్యి, మార్పు వల్ల లాభపడే చెయ్యి ఒకటేనా?

ఇవే మూడు ప్రశ్నలు మా లైబ్రరీ బల్ల మీద పెట్టాను. జూలైలో ఒక రోజు ఎనిమిదో తరగతి పిల్లలు తమ క్లాస్ టీచర్ అనుమతి తీసుకుని నిబంధన రాసుకున్నారు. వరసగా రెండేళ్లు మోనిటర్‌గా ఉన్నవాళ్లు ఒక ఏడాది ఆగాలి, ఆ తరువాత మళ్లీ నిలబడవచ్చు. ఇది వచ్చే ఏప్రిల్ నుంచి. ఇప్పుడున్న మోనిటర్‌కి వర్తించదు. ఈ చివరి వాక్యం రాయించింది ఎవరో కాదు, ఏప్రిల్‌లో న్యాయం అడిగిన అబ్బాయే. "ట్రూమన్ వాక్యం" అని పేరు కూడా పెట్టాడు. మోనిటర్ అమ్మాయి నిబంధనకి అనుకూలంగా చెయ్యెత్తింది. ఎందుకెత్తావని అడిగితే, "నేను లేనప్పుడు హాజరు పట్టీ ఎక్కడుందో ఎవరికీ తెలియట్లేదు మ్యామ్, మొన్న జ్వరం వచ్చినప్పుడు చూశాను" అంది.

సెప్టెంబరులో వాళ్ల నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. విశాఖపట్నం. పదిహేను రోజుల గడువు ఇచ్చారు. ఆ పదిహేను రోజుల్లో ఆ అమ్మాయి ఒక నోటుపుస్తకం నింపింది. బోర్డు సరిగ్గా కనపడక ముందు వరసలో కూర్చోవలసినవాళ్లు ఎవరు, అల్మారా తాళం చెవి ఎవరి దగ్గర అడగాలి, గొడవ పడేవాళ్లని ఎక్కడెక్కడ కూర్చోబెట్టాలి, కొత్తగా వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పిల్లల దగ్గర మొదటి వారం ఎవరుండాలి. తెలుగు వచ్చినవాళ్లు ఆ తరగతిలో ఇద్దరే కాబట్టి, పుస్తకం తెలుగులో రాస్తే రహస్యంగా ఉంటుందని ఆమె లెక్క.

కొత్త మోనిటర్‌గా ఆ అబ్బాయినే ఎన్నుకున్నారు. పుస్తకం తీసుకుని నా దగ్గరికి వచ్చాడు, కొన్ని అక్షరాలు చదవలేక. నాలుగో పేజీలో 'మూడో ఫ్యాను స్విచ్చి ముట్టుకోవద్దు, షాకు కొడుతుంది' అని ఉంది. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాం. తరువాత సంధుల పాఠానికి వెళ్లాం.